అడ్డం ఫోటోలు, నిలువు ఫోటోలు, మా వదిన

మా వదిన పోయింది. ఈ మాట రాశాక, సరిగ్గానే రాశానా అని మళ్లీ చదువుకున్నాను. ముందురోజు సాయంత్రమే నరసాపురం నుంచి ఫోన్ చేసి, "చర్చి పుస్తకంలోకి మీ అమ్మా నాన్నల పాత ఫోటో నీ దగ్గరుందన్నావు, ఇంకా పంపలేదేంటి అమ్మాయ్?" అని అడిగింది. తెల్లారి అదే నంబరు నుంచి ఫోన్ వస్తే, "పంపుతున్నా వదినా" అన్నాను. అటువైపు మా అన్నయ్య.

"మీ వదిన లేవట్లేదే" అన్నాడు.

పాలకొల్లు నుంచి నేను వెళ్లేసరికి హాల్లో ఫ్రీజర్ పెట్టె ఉంది. ఆమెకు బీపీ లేదు, షుగర్ లేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఎప్పుడూ వేసుకునే గాజులే ఉన్నాయి చేతికి. నాకు ఏడుపు రాలేదు. ఏదో పొరపాటు జరిగింది, ఎవరో వచ్చి సరిచేస్తారు అన్నట్టు గోడకానుకుని నిలబడ్డాను.

ఇంతలో ఫ్లెక్సు షాపు నుంచి నమూనా వచ్చిందని ఎవరో ఫోన్ నా చేతిలో పెట్టారు. వదిన నిలువు ఫోటోని అడ్డం ఫ్లెక్సుకి సాగదీసేశారు. ముఖం పళ్లెంలా వెడల్పయిపోయింది. కింద "ప్రభువునందు నిద్రించారు" అని ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు. "మా వదిన ఇలా ఉండదండీ! అసలు ఇలా ఉండదు!" అని షాపాయన మీద ఫోన్లో అరిచాను. పాపం, ఆయన వెంటనే మార్చి పంపాడు.

నేనెందుకంత అరిచానో అక్కడున్నవాళ్లకు అర్థం కాలేదు.

వదిన హైస్కూలు ఆఫీసులో క్లర్కు. కంప్యూటర్ వచ్చని అక్కడి చర్చి సంఘంలోని కుటుంబాలన్నిటి ఫోటోలతో పుస్తకం వేసే పని ఆమెకు అప్పగించారు. అందరూ ఫోన్లలో పంపారు. కొన్ని అడ్డం, కొన్ని నిలువు, అన్నీ పెద్ద పెద్ద సైజులు. ఒక్కొక్కటీ చిన్నది చేయలేక, అన్నిటికీ ఒకే వెడల్పు, ఒకే ఎత్తు ఇచ్చి ఒక్కసారే మార్చేసింది. అడ్డంవి బాగానే వచ్చాయి. నిలువు ఫోటోల్లో జనమంతా ఉబ్బిపోయారు. అన్నయ్యవాళ్ల వీధి చివర లేసులల్లే మామ్మగారు తన ఫోటో చూసి, "నాకింత ఒళ్లెప్పుడొచ్చిందే? కాస్త ముందే రాకూడదూ!" అని పకపకా నవ్వింది. వదినా నవ్వింది గాని, ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టింది.

నాలుగైదు రకాలుగా చూసి, చివరికి సాఫ్ట్‌వేర్‌లో దారి పట్టుకుంది. ఫోటోని ఒక చదరంలో ఇమిడ్చే కమాండ్ అది. వెడల్పు, ఎత్తు అని ఉన్న రెండు గళ్లలోనూ ఒకే అంకె వేయాలి. నిలువుదైతే ఎత్తు ఆ అంకెకొచ్చి ఆగుతుంది, అడ్డందైతే వెడల్పు. "పొడుగు వైపు ఒక్కటీ చెప్పు అమ్మాయ్, రెండో వైపు దానంతటదే వస్తుంది" అని, నేను వెళ్లినప్పుడు నాకూ నేర్పింది. ఫోల్డర్ మొత్తం చకచకా మారిపోతుంటే, గిన్నెలో పాలు పొంగకుండా చూసేదానిలా తెరనే చూస్తూ కూర్చుంది.

అయినా పేచీ తీరలేదు. పేజీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని సంఘపెద్ద ఒకాయన వచ్చారు. "అన్నీ అడ్డంగా కత్తిరించేయమ్మా, నీటుగా ఉంటుంది."

వదిన ఒక నిలువు ఫోటో తెరిచింది. వెనక నిలబడ్డ తండ్రి, ఆయన ముందు తల్లి, అందరికన్నా కింద పీట మీద ముసలమ్మ, ఆమె ఒళ్లో పసిబిడ్డ.

"కత్తిరిస్తానండి. పైన తీసెయ్యమంటారా, కిందా? ఎవర్ని తీసెయ్యాలో మీరే చెప్పండి" అంది.

ఆయన కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగి చూశారు. "వద్దులేమ్మా. ఉండనీ" అన్నారు.

"మనిషిని సాగదీయకూడదు, కొయ్యకూడదు" అంది వదిన ఆయన వెళ్లాక, ఉల్లిపాయలు తరుగుతూ. పెద్ద మాటన్నానని ఆమె అనుకోలేదు. ఫోటోల గురించే అంది.

మిగిలిన ఫోటోలు ఆమె పోయాక నేను ఆమె సిస్టం మీదే పూర్తి చేశాను, ఆమె నేర్పినట్టే. పుస్తకం ప్రెస్సుకి వెళ్లింది. బాగా వస్తుందంటున్నారు. నేర్పినందుకు థాంక్స్ చెప్పాలని ఒక్కసారైనా తోచలేదు నాకు. రోజూ ఉండే మనిషికి ఏం చెబుతాం?

సమాధుల తోట నుంచి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం ఇంకా కళ్లముందే ఉంది. మా అన్నయ్య పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కుని, గుమ్మం దగ్గరకొచ్చి, ఎప్పటిలాగే లోపలికి కేకేశాడు.

"ఏమేవ్, తువ్వాలు!"

ఇంటినిండా చుట్టాలం. ఒక్కరమూ కదల్లేదు. ఆయన రెండు చేతులూ ముందుకు చాచి అలాగే నిలబడ్డాడు. మోచేతుల నుంచి నీళ్లు గడప మీద పడుతున్నాయి.