అత్త వేలిముద్ర వేయని కాగితం

నా చిన్నప్పుడు మా పాలెంలో ఎవరైనా సముద్రంలో పోయి శవం ఒడ్డుకు కొట్టుకొస్తే, ఏడ్చి, మట్టి చేసి, గ్రామ మునసబు దగ్గర చావు రాయించేవాళ్ళు. శవం రాకపోతే ఏం చేయాలన్నది మా మామ విషయంలోనే మాకు తెలిసింది.

మామ అంటే మా మేనత్త భర్త. జాలర్ల సొసైటీ ఆయన పేరున ఇచ్చిన పడవ అప్పుడు మరమ్మతు కోసం గట్టున బోర్లించి ఉంది. అందుకని ఆ రోజు తెల్లవారకముందే చిన్న తెప్ప వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. పొద్దెక్కాక గాలి తిరిగింది. మిగిలిన తెప్పలన్నీ వచ్చాయి, ఆయన తెప్ప రాలేదు. కృష్ణపట్నం దాకా వెతికినా చెక్క ముక్క కూడా దొరకలేదు.

నెలలు గడిచాయి. పడవ మామ వాళ్ళ అన్న పేరుకు మారితే తప్ప దాన్ని నీళ్ళలోకి దించకూడదని సొసైటీవాళ్ళు అన్నారు. పేరు మారాలంటే ఆయన చనిపోయినట్టు కాగితం కావాలి. శవం చూడనిదే చావు రాయనని మునసబు అన్నాడు. భార్య నోటరీ ముందు ప్రమాణం చేసి ఆ కాగితం తెస్తే చూద్దామన్నాడు. మామ వాళ్ళ అన్న చెడ్డవాడు కాదు. ఆయన పిల్లలూ మా అత్తా ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళు, ఆ పొయ్యి వెలగని రోజులు ఎక్కువవుతున్నాయి. అత్త ప్రమాణం చేస్తే పడవ కదులుతుంది, కానీ ఆ సాయంత్రమే ఆమె బొట్టు చెరిపి గాజులు తీసేస్తారు. చేయకపోతే పిల్లలు పస్తులుంటారు. తరువాత నేను ఇంజనీరింగు చదివేటప్పుడు, రెండు కొసలూ కదలకుండా బిగించిన కడ్డీ వేడెక్కితే సాగే చోటు లేక నడుమ వంకరపోతుందని మా మాస్టారు చెప్పగానే నాకు అత్త గుర్తొచ్చింది.

మా తాతయ్య, మామ వాళ్ళ అన్న, అత్త ముత్తుకూరు దాకా నడిచి నెల్లూరు బస్సెక్కారు. అత్త నా చెయ్యి వదలలేదు కాబట్టి నేనూ వెళ్ళాను. కోర్టు పక్క సందులో నోటరీ ప్లీడరు గారి గది. ఒకటే కిటికీ, దానికి ఇనుప చువ్వలు. గుమ్మం నిండా వంతు కోసం నిలబడిన జనం. లోపలికి వెళ్ళడమే కష్టం, బయటికి రావడం ఇంకా కష్టం. నల్లకోటు వేసుకున్న ముసలాయన బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. మామ వాళ్ళ అన్న చెప్పిన ప్రకారం గుమాస్తా అప్పటికే కాగితం రాసేశాడు. అత్త బొటనవేలికి సిరా పూసి, ప్లీడరు గారి వైపు తిరిగి గడగడా చదివాడు. చివరి మాటలు నాకు ఇప్పటికీ గుర్తే: "నా భర్త సముద్రములో మునిగి మరణించినాడని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను."

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. సిరా చీరకు అంటకుండా వేలు పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏందమ్మా, వేలు పెట్టు. బయట ఎంతమంది ఉండారో చూసినావా?" అన్నాడు గుమాస్తా. "సముద్రంలో పోయినోడు మళ్ళీ వస్తాడా?"

"వస్తే?" అంది అత్త. "వస్తే ఆయనకి నువ్వు చెప్తావా, నీ పెండ్లామే నిన్ను చంపి వేలిముద్ర ఏసిందని?"

గుమ్మంలో ఎవరో నవ్వి, మళ్ళీ సర్దుకున్నారు. మామ వాళ్ళ అన్న నేల చూస్తూ, "పిలకాయల మొహం చూడమ్మా," అన్నాడు.

"చూస్తానే ఉండా బావా. రోజూ చూసేది నేనే గదా."

తాతయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వలు పట్టుకుని బయటికి చూశాడు. కూతురికి ఏ మాట చెప్పినా అది ఆమెకే తగులుతుందని ఆయనకు తెలుసనుకుంటాను. అప్పుడు ప్లీడరు గారు కళ్ళద్దాలు తీసి, కుర్చీ తెప్పించి అత్తను కూర్చోమన్నాడు. జనాన్ని బయట ఉండమన్నాడు.

"అమ్మా, మరణించినాడు అనే మాట వదిలేయ్. నువ్వు ఏం చూసినావో అది చెప్పు."

"తెల్లారకముందే తెప్ప దించినాడు. నేనే సద్ది మూట ఇచ్చినా. గాలి తిరిగింది. అందురూ వచ్చినారు. ఆయన రాలా."

"ఇవాళ్టి దాకా?"

"ఇవాళ్టి దాకా రాలా."

"అదే రాయి," అన్నాడాయన గుమాస్తాతో. మామ వాళ్ళ అన్న మెల్లగా, "ఇట్టా రాస్తే సొసైటీలో ఒప్పుకోరయ్యా," అన్నాడు. "ఒప్పుకోకపోతే నా దగ్గరికి పంపు. ఈమెకు తెలియనిదాన్ని తెలుసునని ఈమె చేత చెప్పించడం నా పని కాదు," అన్నాడు ప్లీడరు గారు. భర్త తిరిగి వచ్చేదాకా పడవను బావగారు నడపడం తనకు సమ్మతమేనన్న మాట కూడా చేర్పించాడు. పాత కాగితం చించేసి, కొత్తది తనే నిదానంగా చదివి వినిపించాడు.

"వచ్చేదాకా అనే రాసినారా అయ్యా?" అంది అత్త.

"అనే రాసినాం."

అప్పుడు వేలు ముందుకు చాపింది.

సొసైటీవాళ్ళు కొన్నాళ్ళు సణిగి, చివరికి మామ పేరు మీదే పడవ దించనిచ్చారు. మామ తిరిగి రాలేదు. ఏడేళ్ళు దాటాక, ఇప్పుడు చట్టమే చనిపోయినట్టు లెక్కేస్తుంది, కావాలంటే రమ్మని ప్లీడరు గారు కబురు పెట్టాడు. అత్త వెళ్ళలేదు. ఆ "వచ్చేదాకా"లో ఆమె బతుకంతా ఇరుక్కుపోయిందని మా అమ్మ అనేది. అది కూడా నిజమేనేమో. ఆ రోజు ఆ గదిలో ఎవరూ అత్తను పూర్తిగా విడిపించలేదు. అబద్ధం ఒక్కటి ఆమె నెత్తిన పడకుండా ఆపారు, అంతే.

నేను వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగంలో చాలాకాలం పనిచేశాను. స్తంభం నీటి పైన ఎలా ఉందో రాసి, కింది భాగం నేను చూడలేదని రాసేవాణ్ణి. అంతా బాగుందని ఒక్క ముక్క రాసేయమని పైవాళ్ళు ఒత్తిడి చేసేవారు. ఈయన వంతెనలకు కాళ్ళుండవని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. అయినా చూడనిచోట నా కలం ముందుకు సాగేది కాదు.

మామ బతికే ఉన్నాడని అత్త నిజంగా నమ్మిందా అని మా పిల్లలు అడుగుతుంటారు. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. నేను చూసింది ఇంతే: ఆ సాయంత్రం ముత్తుకూరు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది, నెల్లూరు దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.