ఒక పక్క లైనింగు

ఆ టైలరు ఇప్పటికీ చలి పడితే పాత నీలం చొక్కానే వెతుక్కుంటాడు. కాలరు పీచులు లేచింది. అయినా పారేయనివ్వడు.

అది కుట్టుకున్న రోజుల్లో బస్టాండు వెనక అతనికో చిన్న దుకాణం ఉండేది. ఊళ్ళో సగం మంది నడుములు కొలిచిన మనిషే కానీ, తన చొక్కా విప్పాలంటే తలుపుతో పాటు కిటికీ కూడా మూసుకునే రకం. అంతకు ముందే కిడ్నీలు పాడైతే అక్క తనదొకటి ఇచ్చింది. చిన్నప్పుడు కుట్టుపని నేర్పిందీ ఆవిడే. వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే, "నా కిడ్నీ ఎలా ఉందిరా?" అనేది. తమ్ముడి సంగతి తర్వాత.

"నీకన్నా నయం అక్కా. అరవదు," అనేవాడు.

ఒకసారి ఎడమ డొక్కలో మంట మొదలైంది. ఒళ్ళో పెట్టుకుని కుడుతున్న కోటు గుడ్డ రాపిడి అనుకున్నాడు. పొక్కులు లేచాయి. అప్పుడూ గుడ్డనే తిట్టాడు. వెన్ను నుంచి బొడ్డు దాకా, సుద్దతో గీత గీసి ఆపినట్టు, ఒక్క పక్కనే. చొక్కా తగిలితే ప్రాణం పోయేది. ఆస్పత్రికెళ్తే కిడ్నీకేదో అయిందంటారేమో, అక్క మొహం ఎలా చూడాలి? అందుకని తనకొచ్చిన వైద్యమే చేసుకున్నాడు. నీలం చొక్కా లోపల, ఎడమ వైపు మాత్రం, మెత్తటి మల్లు గుడ్డ లైనింగు వేశాడు.

దుకాణానికొచ్చిన అక్క కొక్కేనికి తిరగేసి ఉన్న ఆ చొక్కా చూసింది.

"ఒక పక్కే లైనింగేంట్రా?"

"గుడ్డ చాల్లేదక్కా."

"నాకా చెప్తున్నావ్? నీ చేతికి సూదిచ్చిందెవరు? ముందు ఒంటిమీద చొక్కా విప్పు."

"దుకాణంలోనా!"

"ఆఁ, ఇక్కడే. కిడ్నీ నాది."

తెర వెనక్కెళ్ళి విప్పాడు. పొక్కులు చూసిన అక్క, కొక్కేనికున్న నీలం చొక్కా సంచిలో కుక్కుకుని ఆటో పిలిచింది.

డాక్టరమ్మ చూడగానే, "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అంది. "ఆ వైరస్సే. తగ్గాక కూడా నరాల్లో నిద్రపోతుంది. కిడ్నీ నిలవడానికి మీరు వేసుకునే మందులు ఒంట్లో కాపలా తగ్గిస్తాయిగా, ఇప్పుడు లేచింది. మీలాంటివాళ్ళకి ఒళ్ళంతా పాకగలదు. పొక్కు కనిపించగానే రావద్దూ?"

"కిడ్నీ?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"రక్తపరీక్ష వచ్చాక చెప్తా."

సెలైను ఎక్కుతోంది. అక్క గోడకేసి చూస్తూ అంది: "నాకు పోసినప్పుడు విడిగా పడుకోబెట్టారు. కిటికీ ఎక్కి వచ్చి నా దుప్పట్లో దూరావు, వెధవా. ఇదీ నేనిచ్చిందేరా నీకు."

"నువ్విచ్చిందేదీ నేను పారేయను కదక్కా."

కళ్ళు తుడుచుకుని ఆవిడ సంచిలోంచి నీలం చొక్కా తీసింది. పరీక్ష ఫలితం వచ్చేదాకా తలెత్తకుండా కుడి పక్కకి లైనింగు కుట్టింది. సగం పని చూస్తే ఆవిడకి నిద్రపట్టదు.

కిడ్నీ బాగానే ఉంది. మంట తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది.

ఇప్పుడు అక్కకి సూదిలో దారం ఎక్కదు. ఫోన్లో మాత్రం మొదటి మాట మారలేదు. చొక్కా కుడి వైపు ఆ సన్నటి కుట్లమీద వేళ్ళు ఆనించి టైలరు జవాబిస్తాడు.

"వెచ్చగా ఉందక్కా."