బాబాయి గుంటలో రంగు రాలేదు

"ఊళ్ళో మగాళ్ళందరికీ పరీక్షలు చేస్తారు, మీకొక్కరికే చేసుకోరు!"

"నాకేం తక్కువని చేసుకోవాలి?"

"మరి నాకేం ఎక్కువైందని ఇన్ని మందులు మింగించారు?"

వంటగదిలో మా పిన్నీ బాబాయీ. కాలేజీ మానేసి వాళ్ళింట్లో మకాం పెట్టిన నేను హాల్లో బూట్లు తొడుక్కుంటూ వింటున్నాను. పెళ్ళయి ఏళ్ళు గడిచినా వాళ్ళకి పిల్లలు లేరు. సూదులూ మాత్రలూ అన్నీ పిన్నికే. బాబాయేమో పిల్లలు పుట్టని మగవాళ్ళకు పరీక్షలు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది?

అలాగని చెడ్డవాడు కాడు. వచ్చినవాడు నమూనా డబ్బా పట్టుకుని తలదించుకు నిలబడితే, "బయట ఎండ ఎలా ఉంది బాబూ?" అని మాటల్లో పెట్టి, వాడికి తెలియకుండానే డబ్బా అందుకుంటాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడికి తన కాఫీ ఇచ్చేస్తాడు. ఆ ముచ్చట చూడటానికే, బండి మీద దింపే వంకతో నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి.

వీర్యంలో కణాలు బొత్తిగా కనిపించనివాళ్ళకి అక్కడ ప్రోటీన్ పరీక్ష చేస్తారు. "కణాలు అసలు తయారవ్వట్లేదా, తయారైనా దారి మూసుకుపోయి బయటికి రావట్లేదా? ఇదివరకు లోపల సూది గుచ్చి చూస్తేగాని తెలిసేది కాదురా. ఇప్పుడు రెండు ప్రోటీన్లు కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. ఒకటి తయారయ్యే చోటుది, ఇంకోటి దారిలోది," అనేవాడు బాబాయి. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో నమూనా పోస్తే, ప్రోటీన్ ఉన్న గుంట పసుపు రంగుకి తిరుగుతుంది. పోల్చి చూడటానికి పక్కన ఆరోగ్యంగా ఉన్న మగవాడి నమూనా ఒకటి ఉండాలి. అది ఎప్పుడూ ఆ బిల్డింగులో లిఫ్టు నడిపే ఆయనదే. ఇంటి నిండా పిల్లలు ఆయనకి.

ఆ రోజు ఆయన రాలేదు. పొద్దుటి మాట బాబాయికి ఇంకా మండుతున్నట్టుంది. "ఇవాళ ఆరోగ్యవంతుణ్ణి నేనేరా!" అని మీసం దువ్వి, డబ్బా తీసుకుని గదిలోకి నడిచాడు.

మధ్యాహ్నానికి పేషెంట్ల గుంటలు కొన్నయినా పసుపెక్కాయి. బాబాయివి రెండూ మంచినీళ్ళలా ఉన్నాయి. పరీక్ష కిట్‌ని తిట్టాడు. అది పంపినవాణ్ణి తిట్టాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"కిట్‌కేమీ కాలేదు బాబాయ్. మైక్రోస్కోప్‌లో చూడు," అన్నాను.

చూశాడు. ఎంతకీ తల ఎత్తలేదు.

"ఒక్కటీ లేదురా."

ల్యాబ్ డాక్టరమ్మ వచ్చి ప్లేటు చూసింది. "రెండు ప్రోటీన్లూ లేవంటే, దారిలోది కూడా బయటికి రాలేదంటే, దారే మూసుకుపోయి ఉండొచ్చు. లోపల తయారవుతూనే ఉండొచ్చు. ఇంకా పరీక్షలు చేద్దాం, బెంగ పడకండి," అంది.

బాబాయి ఆ మంచిమాట చెవిన వేసుకున్నట్టు లేదు. "మీ పిన్ని చేత ఎన్ని మింగించానురా," అన్నాడు. నాకు తిట్టాలనే ఉంది. కానీ ఆ మొహం చూశాక ఈసారి నా కాఫీ ఆయనకిచ్చాను.

సాయంత్రం ఇంటి సందు మొదట్లోనే బండి ఆపమన్నాడు. దిగి చొక్కా సర్దుకున్నాడు. అడుగు మాత్రం ముందుకు పడలేదు.

"ఒరేయ్, లోపలికెళ్ళాక నేను రేపు చెబుదాంలే, మెల్లగా చెబుదాంలే అని నసుగుతాను. నా సంగతి నాకు తెలుసు. అప్పుడు నువ్వు మొహమాటపడకు. నా ఎదురుగానే మీ పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పేసెయ్."