టేపు అవతలి కొస

దయ్యాల విషయంలో నాకెప్పుడూ అనుమానం లేదు. లేవు, అంతే. మిషను బోర్డింగు బడిలో చదివే రోజుల్లో బావి వెనక తెల్లగా ఏదో కదిలిందని తోటివాళ్లు వణికితే, లాంతరు పట్టుకెళ్లి చూసి, ఆరేసిన దుప్పటి అని చెప్పి పడుకున్నవాణ్ణి. తరువాత చెన్నపట్నంలో ఓవర్సీరు చదువు చదివాను. కొలిచినదే రాయాలి, కొలవనిది రాయకూడదు అని అక్కడ నేర్పారు. ఈ సంగతి కూడా అలాగే రాస్తున్నాను.

అప్పటికి గోదావరి కాలువల మీద నాకు ఉద్యోగమై రెండో వేసవి. రాజమండ్రి దగ్గర రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులవి. ఏటా ఎండాకాలంలో కాలువలకు నీళ్లు కట్టేసి మరమ్మతులు చేస్తారు. నరసాపురం దిగువన ఒక అండర్ టన్నెలు పని నాకు అప్పగించారు. అంటే పంటకాలువ అడుగు నుంచి మురుగు కాలువను దాటించే ఇటుక సొరంగం. పక్కపక్కనే నీరు పారే రెండు ఖానాలు, మధ్య రెండున్నర అడుగుల మందం గోడ. నిడివి నూట పది అడుగులు. కమాను కింద ఎత్తు నాలుగున్నర.

సముద్రం దగ్గర కాబట్టి పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు మురుగు కాలువలోకి ఎక్కి వస్తుంది. ఎడమ ఖానా తెరిచి ఉంది, నీరు అందులో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కుడి ఖానా దిగువ మూతి మాత్రం పూడికతోనూ తుంగతోనూ నిండా మూసుకుపోయింది. ఎగువ మూతి ముందు నేను మట్టికట్ట వేయించి, నీళ్లు తోడించాను. ఆ విధంగా కుడి ఖానాలోకి ఎటునుంచీ చుక్క నీరు రాకూడదు. లోపలికి వెళ్లి పూడిక ఎంతుందో కొలిచి అంచనా రాయాలి.

టేపు పట్టేవాడు ఏసుదాసు, మా కాలువ లస్కరు, అంటే గట్లూ తూములూ కనిపెట్టుకుని ఉండే పనివాడు. యాభై దాటిన మనిషి. మా సంఘంలోనే ఉన్నాడు. ఆదివారం ప్రార్థనలో అతన్ని నేను ఏసుదాసు గారూ అంటాను, సోమవారం పనిలో ఏసుదాసూ అంటాను. ఇద్దరికీ అది అలవాటైపోయింది.

మా పాస్టరు గారు ఏడాదికి సరిపడా ఒక పట్టిక ఇచ్చారు. రోజుకొక లేఖన భాగం. పొద్దున్నే చదవాలి, కాసేపు ధ్యానించాలి, దాన్ని ఆ రోజు ఎలా బతకాలో ఒక పంక్తి రాసుకోవాలి. ఆ పట్టిక నాకు ఎంతో నచ్చింది. చదివిన ప్రతి రోజుకూ ఎర్ర సిరాతో గీత పెట్టేవాణ్ణి. పద్నాలుగు నెలల్లో ఒక్క గడీ ఖాళీ లేదు. ఏసుదాసుకు చదువు రాదు. క్యాంపులో ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే గుడారం ముందు గొంతుక్కూర్చుని చదివించుకునేవాడు. విన్నది ఆ రోజే చేసేసేవాడు. శత్రువును ప్రేమించమన్న భాగం విన్న రోజున, తనతో పదేళ్లుగా మాటల్లేని బావమరిదికి ఒక బొచ్చె చేప పట్టుకెళ్లి ఇచ్చి, అతను తీసుకోకపోతే గుమ్మంలో పెట్టి వచ్చాడు.

ఆ వారం పని ఒత్తిడి ఎక్కువని నేను ఆదివారమే శనివారం దాకా ఉన్న ఆరు భాగాలూ చదివేశాను. ఆరు పంక్తులు రాశాను, ఆరు గీతలు పెట్టాను. అమావాస్య నాడు పొద్దున్న ఏసుదాసు వచ్చి కూర్చున్నాడు.

“ఇవాళ్టి వాక్యం చదవండయ్యా.”

“ఆదివారమే చదివేశాను ఏసుదాసూ. శనివారం దాకా అయిపోయింది. పద, ఎండెక్కుతోంది.”

అతను నా వంక చూసి, “ఓరి నాయనో! వారం కూడు ఒక్క పూటే తినేశారా అండి? అరిగిందాండి మరి?” అన్నాడు. కూలీలు పకపకా నవ్వారు.

“సాయంత్రం చదువుతాలే.”

“అందాకా నేను పస్తేనన్నమాట,” అంటూ లేచి టేపు అందుకున్నాడు.

మా టేపు గుడ్డది, వంద అడుగులు, తోలు డబ్బాలో చుట్టి ఉంటుంది. కొసన ఇత్తడి ఉంగరం. ఆ ఉంగరాన్ని ఏసుదాసు బొటనవేలికి తగిలించుకుని, గుర్తు మీద ఆనించి, రెండుసార్లు గుంజుతాడు. పట్టుకున్నాను, బిగించి చదువుకోండి అని దాని అర్థం. అవతలి మనిషి కనిపించని చోట కొలత తీసేటప్పుడు ఆ రెండు గుంజులే మా మాటలు.

డబ్బా మెడలో వేసుకుని, లాంతరు పట్టుకుని ఎగువ మూతి నుంచి లోపలికి వెళ్లాను. ఏసుదాసు మూతి దగ్గర నిలబడ్డాడు. వంగి నడుస్తూ యాభై రెండు అడుగుల దగ్గర ఆగాను. ముందు పూడిక ఏటవాలుగా లేస్తూ డెబ్బై అడుగుల దగ్గర కమానును తాకుతోంది. ఆ అంకె రాసుకుంటుండగా వెనక ఇటుక ఒకటి పడ్డ చప్పుడైంది. తిరిగి చూసేలోపు కమానే కూలింది. గాలి విసురుకు లాంతరు ఆరిపోయింది.

దుమ్ము అణిగాక తడుముకుంటూ వెనక్కి వెళ్లాను. నలభై ఏడో అడుగు దగ్గర ఇటుకలూ బురదా పైదాకా నిండిపోయాయి. టేపు వాటి కింద నలిగి ఉంది. పెన్నుకత్తితో కోసి, మిగిలిన ముక్కను వదులుగా పట్టుకున్నాను. నాకు మిగిలిన చోటు ఇరవై మూడు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. ఒక వైపు ఇటుకలు, ఒక వైపు పూడిక.

అవతల గునపాల చప్పుడు సన్నగా వినిపించింది. తవ్వుతున్నారు. తవ్వినప్పుడల్లా పైనుంచి మరికొంత జారి పడుతున్న చప్పుడూ వినిపించింది. కూలిన భాగం పన్నెండు అడుగులకు తక్కువ ఉండదని లెక్క వేశాను. మూడు గంటల పని.

అప్పుడే మడమలు తడిశాయి.

నీరు రాకూడని చోటికి నీరు వస్తోంది. నాలుక మీద వేసి చూస్తే ఉప్పగా ఉంది. పోటు. ఎక్కడో దారి ఉన్నట్టే కదా అని నాకూ తట్టింది. మధ్యగోడను అడుగు నుంచి చెయ్యి అందినంత ఎత్తు దాకా, ఇటుక ఇటుకా తడిమాను. రెండుసార్లు. ఎక్కడా కన్నం లేదు. పూడికలోంచి ఊరుతోందనుకున్నాను. పూడికను చేతులతో తవ్వబోతే తవ్వినంతా మళ్లీ జారి నిండింది.

జేబులో రెండడుగుల మడత కొలబద్ద ఉంది. దాని మీద గీతలు వేలికి తెలుస్తాయి. దాన్ని నీటిలో నిలబెట్టి, నెమ్మదిగా మూడువందలు లెక్కపెట్టి మళ్లీ చూశాను. రెండు అంగుళాలు పెరిగింది. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ రెండు. అమావాస్య పోటు పూర్తిగా ఎక్కడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది. కమాను నీటిలో మునగడానికి అంత కూడా పట్టదు. తవ్వేవాళ్లకు మూడు గంటలు కావాలి. లెక్క మూడుసార్లు చేశాను. ఒకే జవాబు వచ్చింది. నాకు తెలిసిన విద్యంతా కలిసి నేను ఎప్పుడు చనిపోతానో చెప్పింది, ఎలా బయటపడాలో చెప్పలేదు.

నీరు నడుము దాటాక ఆ రోజు వాక్యాన్ని గుర్తుచేసుకోవాలని ప్రయత్నించాను. అధ్యాయం సంఖ్య గుర్తుంది. ఎన్నో వచనం నుంచి ఎన్నో వచనం వరకో గుర్తుంది. పట్టికలో ఆ గడి ఎక్కడుందో, దాని మీది ఎర్ర గీత కాస్త వంకర పోయిన సంగతి కూడా గుర్తుంది. వాక్యంలో ఒక్క మాట గుర్తు రాలేదు. ముందు రోజుది రాలేదు, అంతకు ముందుదీ రాలేదు. పద్నాలుగు నెలలు చదివినవాణ్ణి, ఆ చీకట్లో నా దగ్గర అంకెలు తప్ప ఏమీ లేవు. నీటికంటే దానికే ఎక్కువ భయం వేసింది.

ప్రార్థన కూడా రాలేదు. నా ప్రార్థనలన్నీ వరస ప్రకారం ఉండేవి: ముందు కృతజ్ఞత, తరువాత క్షమాపణ, తరువాత మనవులు. మొదలే దొరకలేదు. “ప్రభువా, నా వల్ల కాదు” అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు.

నీరు ఛాతీ వరకు వచ్చింది. తల కమానుకు ఆనుతోంది. కోసిన టేపు కొస నీళ్లలో ఎక్కడో వేలాడుతోంది, డబ్బా మెడలోనే ఉంది.

టేపు కదిలింది.

చేప అనుకున్నాను. తరువాత అది రెండుసార్లు గుంజింది.

అలవాటు కొద్దీ బిగించాను. అవతల నిలిచింది. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మేకుకు కట్టిన టేపు బిగువు వేరు, మనిషి పట్టుకున్న టేపు బిగువు వేరు. మేకు కదలదు. మనిషి చెయ్యి ఊపిరితో పాటు సన్నగా ఆడుతూ ఉంటుంది. రెండేళ్లుగా రోజూ టేపు పట్టిన నాకు ఆ తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అది ఆడుతోంది.

టేపు వెంట చేతులు జరుపుతూ పూడిక వైపు నడిచాను. అది మధ్యగోడ దగ్గర నీటి కిందికి, అడుగుకు దిగిపోయింది. నేను రెండుసార్లు తడిమిన గోడ అది. అవతల ఏముందో తెలియదు, ఎంత దూరమో తెలియదు, పట్టుకున్నది ఎవరో తెలియదు. తెలియని దాన్ని నమ్మి తల నీళ్లలో ముంచడం నా జీవితంలో అదే మొదలు. ముంచాను. భుజాలు ఇటుకలకు రాసుకున్నాయి, చొక్కా చిరిగింది. టేపును మాత్రం వదల్లేదు. తల పైకి తేలినప్పుడు దూరంగా అర్ధచంద్రాకారంలో వెలుతురు కనిపించింది. ఎడమ ఖానాలో ఉన్నాను.

నేను తేలగానే టేపు వదులైంది. పిలిచాను. ఎవరూ పలకలేదు. కొస చేతికి తీసుకుని చూస్తే నేను కోసిన కొసే, దాని మీద ఏమీ లేదు.

దిగువ మూతి నుంచి బయటికి వచ్చేసరికి గట్టు మీద పోలమ్మ అనే బెస్త ఆమె వల ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలోది జారవిడిచింది.

“ఎవరండీ మీరు? బురదలోంచి పుట్టుకొచ్చారేంటి?”

లోపలికి ఎవరు వెళ్లారని అడిగాను.

“ఎవరెళ్తారండీ ఈ పోట్లో? పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాను. ఓ నీటికోడి ఎళ్లింది, అది కూడా తిరిగొచ్చేసింది.”

కాలువ గట్టు ఎక్కి ఎగువ వైపు వెళ్లాను. ఇరవై మంది తవ్వుతున్నారు. ఏసుదాసు అందరికంటే లోపల ఉన్నాడు. కూలిన క్షణం నుంచి అతను అక్కడి నుంచి కదల్లేదని ఇరవై మందీ చెప్పారు. నన్ను చూసి గునపం వదిలేసి బురదలో కూర్చుండిపోయాడు. ఇత్తడి ఉంగరం ఇంకా అతని బొటనవేలికే ఉంది. దాన్ని తీయకుండానే తవ్వాడు. వేలు కోసుకుపోయి రక్తం కారుతోంది.

ఆ సాయంత్రం అతనికి ఆ రోజు భాగం చదివాను. నీళ్ల గురించి లేదు, చీకటి గురించి లేదు. మొదటి నుంచి చివరి వరకు ఒక వంశావళి. ఎవరు ఎవరిని కన్నారో పేర్లు. ఏసుదాసు ఒక్క పేరూ వదలకుండా విన్నాడు. “ఇందరిని దేవుడు పేరు పేరునా రాయించుకున్నాడంటే చూడండయ్యా,” అన్నాడు. ఆ రాత్రి నేను పట్టికలో ఎర్ర గీతలు పెట్టడం మానేశాను. చదవడం మానలేదు.

నీరు తీశాక చూస్తే మధ్యగోడ అడుగున అడుగున్నర కన్నం ఉంది. అంచులకు పాత పాచి పట్టి ఉంది. తడిమినప్పుడు నాకు అందకపోయి ఉండవచ్చు, భయంలో వేళ్లు తప్పి ఉండవచ్చు. దానికి నేను సమాధానం చెప్పుకోగలను. టేపుకు చెప్పుకోలేను. దేవదూత అన్నారు పాస్టరు గారు. కాని ఆ చెయ్యి ఒక లస్కరు చెయ్యిలా గుంజింది. టన్నెలు కట్టిన నాడు పునాదిలో పోయిన మనిషి అంది పోలమ్మ. అలాంటివి లేవని నా నమ్మకం, ఇప్పటికీ. గాలి చాలక కలిగిన భ్రమ అన్నారు డాక్టరు గారు. భ్రమ నాకు గోడలో దారి ఎలా చూపిందో ఆయన చెప్పలేదు.

నెల తరువాత ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది: చీకటిలో, నీటి కింద ఉన్న కన్నాన్ని ఓవర్సీరు ఏ విధంగా కనుగొన్నాడు? నా ఉద్యోగం ఖాయం కావలసిన ఏడాది అది. హెడ్డు గుమాస్తా గారు నన్ను పక్కకు పిలిచి, “చేత్తో తడిమి కనుక్కున్నానని రాసెయ్యండి బాబూ. ఒక ముక్కతో పోయేదానికి ఎందుకండీ ఈ గొడవ?” అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. కాని చేత్తో తడిమితే అది నాకు దొరకలేదు. నాలుగు రోజులు ఆ కాగితం ముందు కూర్చున్నాను.

ఐదో రోజు ప్రార్థన చేసుకుని రాశాను: “నేను వెతికాను, దొరకలేదు. టేపు అవతలి కొసను ఎవరో పట్టుకుని లాగారు. వారెవరో నాకు తెలియదు.”

జవాబు రాలేదు. ఉద్యోగం ఖాయం చేయకుండా మరో ఏడాది పొడిగించారు. ఆ తరువాత ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ మూడు వాక్యాలకు ఇప్పటికీ ఒక్క మాట చేర్చలేను, ఒక్క మాట కొట్టేయలేను.