భయమండీ అని చెప్పిన మార్తమ్మ పిన్ని

నిన్న తెల్లవారుజాము నుంచి ముసురు. తోటలో కొబ్బరికాయల దింపు పెట్టుకున్నాం. చెట్లు తడిసి జారుతున్నాయని ఎక్కేవాళ్ళు ఆగిపోయారు. రాలిన కాయల్ని షెడ్డులోకి చేరుస్తుంటే ఫోన్ వచ్చింది.

"మీ పిన్నిని లారీ గుద్దేసిందిరా. లేదింక."

ఎవరు మాట్లాడుతున్నారో కూడా అడగలేదు.

మార్తమ్మ పిన్ని మా అమ్మకి చెల్లెలు. మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఇళ్ళు హైవేకి ఇటు, బడి అటు. మా వైపు పిల్లల్ని రోజూ తనే దాటించేది.

తనకి ఆ రోడ్డంటే భయం. ఎంత దూరాన లారీ కనిపించినా అడుగు వేసేది కాదు.

"మార్తమ్మ దాటేలోపు అటు అన్నం ఉడికిపోద్దిరా" అని టీ కొట్టు దగ్గర నవ్వేవారు. తనూ నవ్వేది. కదిలేది మాత్రం కాదు.

మొన్నామధ్య హైవే వాళ్ళు బడిలో మీటింగ్ పెట్టారు. రోడ్ సేఫ్టీ పనులకి ప్లాన్ వేసే ముందు ఊరి మాట వింటామన్నారు. ఒకాయన తన షాపు ముందు డివైడర్ వద్దన్నాడు. ఒకరు బస్ షెల్టర్ అడిగారు. నేను లైట్లు అడిగాను.

ఆఖర్న పిన్ని లేచింది.

"నాకు భయమండీ."

అంతే. ఇంకేమీ అడగలేదు.

వెనక నుంచి తన మరిది, మా బాబాయి తమ్ముడు ఏసురత్నం, "భయమైతే దాటడం మానెయ్ వదినా" అన్నాడు.

"మానేత్తే నీ మనవడికి అన్నం నువ్వొచ్చి వండుతావేటి?"

అందరూ నవ్వారు. ఇంజినీరు గారు మాత్రం "ఎక్కడ భయమో చూపించండమ్మా" అని లేచారు.

పిన్ని రోజూ ఆగే చోటికి వెళ్ళి నిలబడ్డాం. మలుపు తిరిగి ఒక కొబ్బరి లారీ మీదకొచ్చేసింది. అందరం వెనక్కి దూకాం.

"ఆయ్, నాకూ భయమేనండి" అంది ఒకావిడ. తర్వాత ఇంకొకావిడ.

ఇంజినీరు గారు అక్కడ ఎర్ర పెయింట్‌తో గీత గీయించారు. సోమవారం వచ్చి, ఊరందరినీ మళ్ళీ అడిగి, క్రాసింగ్ ఖాయం చేస్తామన్నారు.

నిన్న ఆ గీత దగ్గరే జరిగింది. వాన వల్ల పిల్లలు ఇంకా బయలుదేరలేదు. పొయ్యి వెలిగించాలని తను ముందు వెళ్ళింది.

నా కూతురు రోజూ పిన్ని చెయ్యి పట్టుకునే దాటేది. నిన్న ఆ టైముకి బ్యాగు తగిలించుకుని గుమ్మంలో ఉంది.

ఇవాళ బడికి పంపలేదు. రేపు పంపాలి. ఎలాగో తెలియడం లేదు.

సమాధుల తోట కూడా అటే. మధ్యాహ్నం పెట్టె భుజాల మీద పెట్టుకుని రోడ్డు అంచున ఆగిపోయాం. అంతమంది మగాళ్ళం, ఒక్కరికీ అడుగు పడలేదు. ఏసురత్నం తువ్వాలు ఊపుతూ నడిరోడ్డు మీదకి వెళ్ళాడు.

"ఆపండ్రా బాబూ, మా వదిన దాటాలి!"

సోమవారం మీటింగ్‌కి మన వాళ్ళందరూ రండి. లైట్ల సంగతి తర్వాత. నేను లేచి, నాకు భయమండీ అని చెప్తాను. ఒక్కడినే చెప్తే నవ్వి వదిలేస్తారు. మీరూ చెప్పండి.

వెళ్ళిరా పిన్నీ. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి.

సమాధుల తోట నుంచి జనం నాలుగింటికి వెళ్ళిపోయారు. బాబాయి చీకటి పడ్డాక వెళ్ళాడు.