మాస్టారి చెవుడు

మా తెలుగు మాస్టారికి చెవుడు. అలాంటిలాంటి చెవుడు కాదు. బడి గంటతో మొదలై, బడి వదిలాక దానంతటదే నయమైపోయే రకం.

నేను పక్క తరగతిలో సైన్సు చెప్పేదాన్ని. మధ్యన ఉన్నది పేరుకే గోడ. నేను గుండె ఎలా కొట్టుకుంటుందో వివరిస్తుంటే అవతల నుంచి, "ఏంటీ? వినపడలేదు. గట్టిగా చెప్పు" అని మాస్టారి గొంతు. వెంటనే ఎవడో, "ఏనుగు నామవాచకం సార్" అని అరుపు. పరీక్షలో గుండె అంటే ఏమిటని అడిగితే, మా పిల్లలు సగంమంది నామవాచకమని రాశారు.

"మాస్టారూ, రేపు లంచ్ డ్యూటీ మీదే" అని హెడ్‌మిస్ట్రెస్ చెవి దగ్గరకొచ్చి చెప్పినా, "అవునమ్మా, మబ్బు పట్టింది" అనేవారు. నేను మూలన కూర్చుని చప్పుడు కాకుండా బిస్కెట్ ప్యాకెట్ విప్పితే మాత్రం, వరండా చివర నుంచి "నాకు రెండు చాలమ్మా" అని వినిపించేది.

ఆరో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పెదవులు కదిలేవి గాని మాట బయటికొచ్చేది కాదు. అందరూ చీమ అనేవారు. మాస్టారు రోజూ ఆ పిల్లనే లేపేవారు.

"ఏమన్నావు, వంకాయా?"

"వాక్యం సార్."

"వానాకాలమా?"

క్లాసంతా మాస్టారిని చూసి గొల్లుమనేది. చీమ కూడా నవ్వేసి, గొంతు ఇంకాస్త పెంచేది.

చివరికి హెడ్‌మిస్ట్రెస్‌కి ఓపిక పోయింది. "వినపడని మనిషికి క్లాసెందుకు? లైబ్రరీ చూసుకోండి. ముందు చెవులు చూపించుకోండి" అన్నారు. డాక్టరు మాట వినడానికి నన్ను తోడు పంపారు.

డాక్టరు పరీక్ష చేసి నవ్వాడు. "ఈ చెవులకేం రోగమండీ? పక్క గదిలో నేను నర్సుకి టీ చెబుతుంటే, ఈయన ఇక్కణ్ణుంచి చక్కెర తక్కువన్నారు."

మెట్లు దిగుతూ నిలదీశాను. "ఏమిటండీ ఈ నాటకం?"

"గట్టిగా మాట్లాడమంటే పిల్లలు బెదిరిపోతారమ్మా. ముసలాడికి చెవుడంటే జాలిపడి గొంతు పెంచుతారు. ఒక పిల్ల గొంతు విచ్చుకుంటుంటే అందరికన్నా ముందు వినేది నేను. ఇంతకన్నా అదృష్టం ఏ ఉద్యోగంలో ఉంది?"

"మరి డ్యూటీలప్పుడు?"

"అప్పుడు నిజంగానే వినపడదు."

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ ఇంకా తేరుకోలేదు, తలుపు దగ్గర చీమ నిలబడి ఉంది. లైబ్రరీ సంగతి అప్పటికే బడంతా పాకింది.

"మేడమ్, మా సార్‌ని పంపించొద్దు. ఆయనకి వినపడకపోతే మేమే గట్టిగా చెబుతాం."

వరండాలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. హెడ్‌మిస్ట్రెస్ నావైపు ఒకసారి చూసి, నవ్వు బిగబట్టుకుని, చెవికి చెయ్యి ఆనించారు.

"ఏంటమ్మా? నాకూ సరిగ్గా వినపడలేదు."

ఈసారి చీమ మాటకి బల్ల మీది గాజు గ్లాసు గలగలమంది. లైబ్రరీ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.