నా వాకిట్ల ఆయన చల్లిన నీళ్ళు

నా ఇల్లు కట్టేటప్పుడు నన్ను మున్సిపల్ ఆఫీసోళ్ళకు పట్టిచ్చిన మనిషి మొన్న పొద్దుగాల పోయిండు. ఎల్లారెడ్డిల మా ఎదురింటి అన్న. పోయినోళ్ళ గురించి మంచే రాయాల్నంటరు. మంచి గూడ రాస్త, ఇది గూడ రాస్త. చదువుకున్నోన్ని గాదు, ఉన్నది ఉన్నట్టే వస్తది.

మంచి మనిషే. తెల్లారంగనే తన వాకిట్ల నీళ్ళు చల్లి, బకెట్ల మిగిలినయి నా దర్వాజ ముంగట గుమ్మరిచ్చేటోడు. చాయ్ సాసర్ల పోసి నా దిక్కు జరిపి, "నువ్వు మాట్లాడితే కొట్లాడినట్టే ఉంటది తమ్మీ, తాగి సల్లవడు" అనేటోడు.

నేను ఇంటికి పర్మిషన్ తెచ్చుకున్న. ఇసుక, కంకర గల్లీల పోసుకోనీకె ఇంకో పర్మిషన్ గావాల్నని మేస్త్రి చెప్పేదాక నాకు ఎరుక లేదు. ఆఫీసుకు పోదామని అంగి తొడుక్కుంటే అన్ననే ఆపిండు. మన గల్లీల అడగాల్సింది ఎదురింటోన్ని, ఆఫీసును గాదన్నడు. మా గల్లీ రివాజు అదే. ఎదురింటాయన సరే అంటే ఆయన వాకిలి ముంగట పోసుకుంటం. ఇల్లు అయినంక మొదటి కంచం ఆయనకే పెడ్తం.

"నా దర్వాజ ముంగటనే పోసుకో. నేనున్న గద."

పోసిన. రేపు స్లాబ్ అనంగ ఆఫీసు ట్రాక్టర్ వచ్చింది. పర్మిషన్ ఏదని అడిగి ఇసుకంత ఎత్తుకపోయిండ్రు. తెల్లారి కామారెడ్డి నుంచి స్లాబ్ కూలోళ్ళు వచ్చి, తట్టలు బోర్లిచ్చి కూసోని, ఉత్తగనే మర్లిపోయిండ్రు. ఎవడు చెప్పిండని గల్లీల నిలవడి అడిగిన.

"నేనే చెప్పిన" అన్నడు అన్న, తన వాకిట్లకెల్లి.

ఎందుకే అన్నా అంటే లోపలికి వోయిండు. గృహప్రవేశం నాడు ఆయన కంచం పెట్టిన. రాలేదు. బువ్వ సల్లారిపోయింది.

గప్పటిసంది మాట లేదు. నీళ్ళు మాత్రం చల్లిండు, ఒక్క పొద్దు తప్పలే. నిరుడు ఆయన కొడుకు వాళ్ళింటి మీద రూములు ఏసేటప్పుడు ఆఫీసుల పర్మిషన్ తెచ్చుకున్నంక గూడ, పోయి ఎదురింటాయనను అడుగు అని ఆ పిలగాన్ని నా కాడికి తోలిండు. పోసుకోమన్న. నా ఇసుకను పట్టిచ్చినోడు తన ఇసుకకు నన్ను ఏ మొఖంతోని అడిగిచ్చిండు?

మొన్న శవం కాడ కూసున్న వదినె నన్ను చూసి, "నీకు చెప్పాలె, చెప్పాలె అనేటోడు" అన్నది. ఏం చెప్పాలె వదినా అంటే కొంగు అడ్డం పెట్టుకున్నది. ఆమెకు ఎరుకనే.

ఇయ్యాల పొద్దుగాల దర్వాజ తీస్తే నా వాకిలి ఎండిపోయి ఉన్నది. ఎదురుంగ ఆయన బకెట్ గోడకు బోర్లిచ్చి ఉన్నది.

వదినా, పదకొండో దినం నాడు నీ ఇంటికి వస్త. ఆయన ఫోటో ముంగట కూసుంట. ఎందుకు పట్టిచ్చిండో ఆ దినం లోపల చెప్పు. చెప్తెనే మీ ఇంట్ల బువ్వ ముడ్త.